పద్నాలుగో నంబరు పచ్చ

చెంచా మీది మరక నీలమా, ఆకుపచ్చా అన్న దగ్గర మొదలైంది ఆ సోమవారం గొడవ.

టీ పొడి కొలిచే చెంచా అది. కాడ సన్నగా, పొడుగ్గా ఉండి డబ్బా అడుగుదాకా అందుతుంది. అలాంటిది నాకు మళ్ళీ ఏ కొట్లోనూ దొరకలేదు. ఆ పొద్దున స్టవ్ మీద నీళ్ళు మరుగుతుంటే చూస్తే చెంచా పెట్టిన చోట లేదు. వెతగ్గా వెతగ్గా వెనక వరండాలో మా అత్తగారి బల్ల మీద దొరికింది. కాడ చివర కొక్కెంలా వంగిపోయి ఉంది. వంగిన చోట గోరంత రంగు మరక.

"అత్తయ్యా, ఈ చెంచాతో మళ్ళీ రంగు సీసా మూత తీశారా?"

"బిగుసుకుపోయింది మరి. ఏం, అరిగిపోయిందా నీ చెంచా?"

"అరగలేదు, వంగింది. పైగా నీలం రంగు అంటుకుంది."

"నీలం కాదు, ఆకుపచ్చ."

"నీలమే అత్తయ్యా."

"ఆకుపచ్చ అంటుంటే!"

మా ఆయన టీ కోసం ఎదురుచూస్తూ మధ్యలోకి వచ్చారు. "పోనీ, నీలిపచ్చ అనుకోండి. ఇద్దరూ గెలిచినట్టే."

"నువ్వు నోరు మూసుకుని కూర్చోరా" అని ఆవిడా, "మీరు కాసేపు ఊరుకోండి" అని నేనూ ఒక్కసారే అన్నాం. మేమిద్దరం ఏకమయ్యే సందర్భాలు ఇంట్లో ఇలాంటివే.

బడికి జడ వేయించుకుంటున్న మా అమ్మాయి అద్దంలోంచే తీర్పు చెప్పింది. "నానమ్మా, అది నీలమే."

అత్తగారికి ముక్కు మీదే ఉంటుంది కోపం. "ఇరవై రెండేళ్ళు నడిపిన బండి. దాని రంగు నాకు మీరు చెప్తారా?" అని విసురుగా వరండాలోకి వెళ్ళిపోయారు. టీ కూడా ముట్టుకోలేదు. ఆవిడ టీ మానేశారంటే విషయం చెంచా దాటి పోయిందని అర్థం.

మా అత్తగారు ట్రామ్ డ్రైవరు. పద్నాలుగో నంబరు లైన్లో మొట్టమొదట ట్రామ్ నడిపిన ఆడమనిషి ఆవిడే. పదకొండేళ్ళ కిందట ఆ లైను ఎత్తేసిన రోజు ఆఖరి ట్రిప్పు నడిపి, బండిని డిపోలో పెట్టి, తాళాలు ఇచ్చేసి వచ్చింది కూడా ఆవిడే. ఆ తరవాత ఇంట్లో ఊరికే కూర్చోలేక వెనక వరండాలో బల్ల వేసుకుని, చెక్క ముక్కలూ రేకు ముక్కలూ చెక్కుతూ బొమ్మ ట్రాములు చేయడం మొదలుపెట్టారు. మోచెయ్యంత పొడుగు బండి, దానికి తలుపులు తెరుచుకుంటాయి, చక్రాలు తిరుగుతాయి. మొదట్లో కాలక్షేపం అనుకున్నాం. చెక్క పొడి ఎగిరి బట్టల మీద పడుతుంటే నేను సణుక్కునేదాన్ని. కానీ ఒక కిటికీ చట్రం అగ్గిపుల్ల మందం కంటే ఎక్కువైందని మూడుసార్లు తీసి మళ్ళీ చేయడం చూశాక సణగడం మానేశాను. పని అంత నిక్కచ్చిగా చేసేవాళ్ళ మీద నాకు కోపం నిలవదు.

ఈసారి చేస్తున్నది కాలక్షేపం బండి కాదు. పాత డిపోను ప్రదర్శనశాలగా మారుస్తున్నారు. హాల్లో గోడ పొడుగునా గాజు బీరువా పెట్టి, ఒక్కో లైనుకు ఒక్కో అర కేటాయించారు. పద్నాలుగో లైను నమూనా చేసి ఇస్తానని అత్తగారు రాస్తే వాళ్ళు జవాబు రాశారు: కొలతలూ రంగూ అసలు బండికి సరిగ్గా కుదిరితేనే అరలో పెడతాం, శనివారం పదిన్నరకు తీసుకురండి, కుదరకపోతే ఆ అరలో మా దగ్గరున్న పాత ఫోటో పెడతాం.

ఆ ఫోటో మాకందరికీ తెలుసు. అందులో పద్నాలుగో నంబరు బండి ఉంటుంది. డ్రైవరు సీట్లో గుబురు మీసాలాయన ఉంటాడు.

అత్తగారు చేసిన బండిలో డ్రైవరు సీటు ముందు వేలెడంత చెక్క మనిషి నిలబడి ఉంది. ఆ మనిషికి తల వెనక జుట్టు ముడి ఉంది. దాని గురించి ఆవిడ ఎవరితోనూ ఒక్క ముక్క మాట్లాడలేదు. మేమూ అడగలేదు. కానీ ఆ అరలో మీసాలుంటాయా, ముడి ఉంటుందా అన్నది శనివారం తేలిపోతుందని ఇంట్లో అందరికీ తెలుసు.

రంగు దగ్గర ఆవిడకు బెంగ లేదు. ఆఖరిసారి బండికి రంగు వేసిన రోజు డిపో పెయింటరు మిగిలిన పచ్చ రంగును ఒక గాజు సీసాలో పోసి ఆవిడ చేతిలో పెట్టాడట. అది బజార్లో దొరికే పచ్చ కాదు. పసుపు, నీలం, పిసరంత నలుపు కలిపి ఆయన సొంతంగా తయారుచేసుకున్నది. పాళ్ళు ఎక్కడా రాసిపెట్టలేదు. పదకొండేళ్ళుగా ఆ సీసా పై అలమారలో కూర్చుని ఉంది. దుమ్ము దులిపేటప్పుడు కూడా నన్ను దాని జోలికి పోనిచ్చేవారు కాదు. కదిపితే పాడవుతుందని ఆవిడ నమ్మకం.

ఆదివారం ఆ సీసా కిందికి దిగింది. చెంచా కాడతో మూత లేపి, పైన కట్టిన మీగడలాంటి పొర తీసేసి, మూత పెట్టి, అంకెలు లెక్కపెడుతూ ఇరవైసార్లు ఊపారు. ఇరవైకి ఒకటి ఎక్కువా లేదు, తక్కువా లేదు. బండికి రంగు వేసే ముందు పెయింటరు డబ్బాను ఊపడం ఆవిడ చూశారట. అంతకు ముందు వెనక గదిలో ఆయన ఏం చేసేవాడో డ్రైవర్లకు ఎలా తెలుస్తుంది? తరవాత పైనున్న రంగును వాడుకోవడానికి వీలుగా రెండు చిన్న డబ్బీల్లోకి వంపుకుని, ఒక డబ్బీలోంచి కొంత తీసి బండికి ఒక పక్కంతా వేసేశారు.

సోమవారం పదింటికి ఇల్లు సద్దుమణిగింది. మా ఆయన లిఫ్టులు బాగుచేసే పనికి, అమ్మాయి బడికి వెళ్ళారు. అత్తగారు అలిగి మార్కెట్‌కి వెళ్ళారు. అలిగినప్పుడు ఆవిడ బరువైన సంచీలు మోసుకొస్తారు. నేను చెంచా మరక థిన్నర్‌తో తుడుద్దామని వరండాలోకి వెళ్ళాను.

సీసా బల్ల మీదే ఉంది. మూత దగ్గర్నుంచి బయటి గాజు మీదుగా ఒక బొట్టు జారి, సగంలో ఎండిపోయి ఉంది. పాత బొట్టు. దాని మీద పదకొండేళ్ళ దుమ్ము గట్టిపడి ఉంది. వేలితో రుద్దాను. దుమ్ము పోయింది, బొట్టు మెరిసింది.

ఎందుకో సీసాను హాల్లో కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, చెంచా కాడను ఆ బొట్టు పక్కన పెట్టాను.

చెంచా మీదిది నెమలికంఠం రంగు. సీసా మీది బొట్టు ముదురాకు రంగు. రెండింటికీ చుట్టరికం ఉంది గానీ, అవి ఒకటి మాత్రం కావు.

వరండాలోకి తిరిగి వచ్చి బల్ల మీద బల్బు వేసి మళ్ళీ చూశాను. వెనక వరండాలో పగలు కూడా వెలుతురు ఉండదు, ఆ పసుపు బల్బే దిక్కు. దాని కింద పెడితే రెండూ ఆకుపచ్చగానే ఉన్నాయి. అత్తగారి కళ్ళది ఏ తప్పూ లేదు.

సీసాను నెమ్మదిగా తలకిందులు చేశాను. పైనున్న నీలం నీరులా అటునుంచి ఇటు పారింది. అడుగున రెండు వేళ్ళ మందాన ఆవాల ముద్దలాంటి పసుపు కదలకుండా అలాగే అంటుకుని ఉంది. డిగ్రీలో చదివిన కెమిస్ట్రీ నాకేమీ గుర్తులేదు. కానీ బరువైనది కిందికి దిగుతుందనీ, తేలికైనది పైన ఉంటుందనీ తెలియడానికి డిగ్రీ అక్కర్లేదు. పప్పు గిన్నె అడుగు కలపకుండా వడ్డిస్తే మొదటివాళ్ళకు నీళ్ళు, చివరివాళ్ళకు ముద్ద. పెయింటరు పోసిన నిమిషాన ఈ రంగు బాగా కలిసి ఉంది. ఆ నిమిషానే జారి ఎండిపోయిన ఈ బొట్టే అందుకు సాక్ష్యం. ఆ తరవాత పదకొండేళ్ళపాటు సీసాలో ఎవరి దారిన వాళ్ళు విడిపోయారు.

అత్తగారు రెండు సంచీలతో వచ్చేసరికి నేను హాల్లో కిటికీ దగ్గర నిలబడి ఉన్నాను.

"గెలిచానని చెప్పడానికి నిలబడ్డావా?"

"కాదత్తయ్యా. ఒక్కసారి ఇలా రండి. వెలుతుర్లోకి."

ఆవిడ సంచీలు దించి, కళ్ళజోడు సర్దుకుని చూశారు. చెంచా చూశారు, బొట్టు చూశారు, మళ్ళీ చెంచా చూశారు. వెళ్ళి బండిని పొత్తిళ్ళలో బిడ్డను తెచ్చినట్టు రెండు చేతుల మీదా తెచ్చి కిటికీలో పెట్టారు. పక్క మొత్తం నెమలికంఠమే.

"ఆ బల్బు" అన్నారు చివరికి. కుర్చీలో కూలబడ్డారు. "ఐదు రోజులు కూడా లేవు. సీసా పాడైపోయింది. ఇంక అంతే."

"పాడవలేదు. పేరుకుపోయింది. మీరు వాడింది పై తేట. అసలు పచ్చలో సగం కిందే ఉంది."

"ఊపాను కదే!"

"రాయిని ఊపితే కరుగుతుందా? అడుగు నుంచి కలపాలి. ఆ డబ్బీల్లోకి తీసిన నీలం కూడా తిరిగి సీసాలో పోసెయ్యాలి, లేకపోతే పసుపు ఎక్కువైపోతుంది."

ఆవిడ ఒంటికాలి మీద లేచారు. "తీసిన రంగు తిరిగి పొయ్యడమా? డిపోలో ఎవడైనా ఆ పని చేస్తే పెయింటరు చెయ్యి విరగ్గొట్టేవాడు. చెత్త పడుతుంది, ఉన్నదంతా పాడవుతుంది."

"పల్చటి గుడ్డలో వడకట్టి పోద్దాం."

"చెడిపోతే?"

"ఇలాగే వదిలేస్తే మీసాలాయన వస్తాడు అత్తయ్యా."

ఆ మాట అనకుండా ఉండాల్సిందేమో. ఆవిడ లేచి వరండాలోకి వెళ్ళారు. తరవాత రెండు డబ్బీలూ తెచ్చి నా ముందు పెట్టి, "నువ్వే చెయ్. నా చేత్తో నేను పొయ్యలేను" అన్నారు.

మధ్యాహ్నం భోజనానికి వచ్చిన మా ఆయనకు సంగతి తెలిసింది. తెలిసిన ఐదు నిమిషాలకే డ్రిల్లు మెషీను తెచ్చారు. దాని మూతికి వంకర తీగ ఒకటి బిగించారు. "అర నిమిషం. గిర్రున తిప్పానంటే అడుగు పైకొచ్చేస్తుంది."

"సీసా పగిలి గోడకొచ్చేస్తుంది" అన్నాను. "పగలకపోతే నురుగొస్తుంది. బుడగలతో రంగు వేస్తే బండికి మశూచి పోసినట్టుంటుంది."

"పోనీ, బేరింగు గోళీలు నాలుగు వేద్దామా?"

"ఒరేయ్" అన్నారు అత్తగారు కుర్చీలోంచే, "గోళీల మాటెత్తావంటే భోజనం ఉండదు."

పోయిన నెల కిటికీ చట్రాలకు తెచ్చిన తెల్ల రంగులో ఆయన సలహా మీదే రెండు గోళీలు వేశారు, ఊపినప్పుడు కలుస్తుందని. అది నీళ్ళతో కలిపే రంగు, అవి మామూలు ఇనుప గోళీలు. వారం తిరిగేసరికి గోళీలు తుప్పు పట్టి తెలుపంతా టీ రంగులోకి దిగింది. ఆ డబ్బా ఇప్పటికీ బల్ల కింద ఉంది. ఆయన డ్రిల్లు తీసుకుని మర్యాదగా తప్పుకున్నారు.

బేసిన్లో వేడినీళ్ళు పోసి, స్టవ్ ఆర్పేసి, సీసాను మెడ దాకా నీళ్ళలో నిలబెట్టాను. వేడికి ముద్ద కొంచెమైనా మెత్తబడాలి. అరగంట తరవాత పుల్లతో కదిపి చూశాను. మధ్యలో దిగింది గానీ, అంచుల్లో సీసా గోడ అడుగుకు కలిసే మూల దగ్గరికి పుల్ల అందలేదు. అసలు గట్టిదంతా ఆ మూలలోనే ఉంది. చాకు మొన పట్టదు. గరిటె మెడలోంచి దూరదు.

అప్పుడు చెంచా గుర్తొచ్చింది. పొడుగు కాడ, చివర కొక్కెంలా వంపు. తలకిందులుగా పట్టుకుని సీసాలోకి దించితే ఆ వంపు సరిగ్గా వెళ్ళి మూలలో కూర్చుంది. పొద్దున దేని గురించి గొడవపడ్డానో అదే ఇప్పుడు నా పని నడిపిస్తోంది. పైకి మాత్రం అనలేదు. అత్తగారు కూడా చూశారు, ఆవిడా అనలేదు.

కొంచెం కొంచెంగా గీరాను. థిన్నర్ చుక్కలు నాలుగు వేసి, మళ్ళీ గీరాను. పసుపు పీచులు పీచులుగా లేచి నీలంలోకి వచ్చింది. వడకట్టిన రెండు డబ్బీల నీలాన్ని కూడా పోసి కలిపాను. రంగు పచ్చబడకపోగా మురిగిన చెరువు నీళ్ళలా, చారలు చారలుగా తయారైంది. అట్టముక్క మీద ఒక గీత గీసి చూస్తే ఒక చివర ఆవాలు, ఇంకో చివర నెమలి.

అత్తగారు ఆ గీత చూశారు. "పదకొండేళ్ళు దాచుకున్నాను" అని మాత్రం అని, తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు.

ఆవిడ తిట్టి ఉంటే బాగుండేది. చల్లారిన నీళ్ళు పారబోసి, వేడివి పోసి, మళ్ళీ కూర్చున్నాను. అడుగు నుంచి మూల గీరి పైకి, పైనుంచి మళ్ళీ అడుక్కి. నెమ్మదిగా, బుడగ రాకుండా. నూరుసార్లు తిప్పడం, ఒక గీత గీయడం. మణికట్టు లాగేస్తోంది. అట్ట మీద తొమ్మిదో గీతలో చారలు సన్నబడ్డాయి. పద్నాలుగో గీత... అది పద్నాలుగోదే, కల్పించి చెప్పడం లేదు... ఈ చివర నుంచి ఆ చివరకు ఒక్క తీరుగా వచ్చింది. కాడ చివరతో అడుగంతా తడిమాను. ఎక్కడా గరుకు లేదు, గాజు తగిలింది.

సీసా బయట, పాత బొట్టు పక్కనే, కొత్త బొట్టు ఒకటి పెట్టాను. తడి మెరుపు చూసి ఏది ఏదో చెప్పేయకుండా ఆరేదాకా ఆగాను. సాయంత్రం బడి నుంచి వచ్చిన అమ్మాయి అరవబోతే నోరు మూసి, సీసా తీసుకుని వెళ్ళి అత్తగారి తలుపు కొట్టాను.

ఆవిడ తలుపు తీశారు. నేను సీసా చేతికిచ్చాను. కిటికీ దగ్గరికి నడిచి, కళ్ళజోడు తీసి, పెట్టుకుని, మళ్ళీ తీసి చూశారు.

"ఏది పాతది?"

"మీరే చెప్పండి."

ఆవిడ ఒక బొట్టు మీద వేలు పెట్టి, "ఇది" అన్నారు.

అది నేను మధ్యాహ్నం పెట్టింది.

అమ్మాయి ఎగిరి గంతేసింది. "నానమ్మ ఓడిపోయిందోచ్!"

"ఓడిపోయానే" అన్నారు అత్తగారు. ఓడిపోయి అంత సంతోషించిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు. నా వైపు తిరిగారు. "అమ్మాయ్, పొద్దుటి టీ ఇప్పుడివ్వు. రెండు కప్పులు తాగుతాను."

ఆ రాత్రే బండి పక్కకు వేసిన నెమలికంఠాన్ని థిన్నర్ గుడ్డతో తుడిచేశాం. మంగళవారం నుంచి బల్లను వరండాలోంచి హాల్లో కిటికీ కిందికి జరిపించాను. రంగు వేసేది ఆవిడ, కలిపేది నేను. కలిపి వదిలేస్తే మళ్ళీ దిగిపోతుంది గనక బ్రష్ ముంచే ప్రతిసారీ ముందు అడుగు నుంచి తిప్పాల్సిందే. మొదట్లో ఆవిడ నేను తిప్పకముందే బ్రష్ ముంచబోయేవారు, నేను చెయ్యి అడ్డుపెట్టేదాన్ని. మూడోసారికి ఆవిడకు చిరాకొచ్చింది.

"ఇలా కాదు. ట్రామ్‌లో కండక్టరు గంట రెండుసార్లు కొడితేనే డ్రైవరు బండి కదుపుతుంది. ఎంత తొందరున్నా సరే, గంట వినకుండా కదపడానికి లేదు. నువ్వు కండక్టరువి. కలపడం అయ్యాక సీసా మీద రెండుసార్లు కొట్టు. అప్పుడే నేను ముంచుతాను."

"డ్రైవరు వినకపోతే?"

"వినకపోతే రిపోర్టు రాయి."

అలా మొదలైంది. చెంచాతో టింగు టింగుమని కొడితే ఆవిడ బ్రష్ ముంచేవారు. కొట్టకపోతే బ్రష్ గాల్లోనే ఆగేది. మంగళవారం ఒక పూత, గురువారం ఇంకో పూత. మధ్యలో రంగు మళ్ళీ పేరుకోకుండా అమ్మాయి తన తెగిన దండలోని గాజు పూసలు ఏడు ఇచ్చింది. గాజుకు తుప్పు లేదు. మూత బిగించి సీసాను పక్కకు పడుకోబెట్టి పొద్దునా సాయంత్రం దొర్లిస్తే పూసలు అడుగంతా తిరుగుతాయి. దొర్లించే పని మా ఆయనకు అప్పజెప్పాం. డ్రిల్లు లేకుండా.

శనివారం పదింపావుకే డిపోలో ఉన్నాం. బండి అట్టపెట్టెలో, అట్టపెట్టె నా ఒడిలో. అత్తగారు ఇస్త్రీ చేసిన పాత యూనిఫాం కోటు వేసుకున్నారు. గుండీలు కొంచెం బిగుతయ్యాయి.

హాల్లో గాజు బీరువా తళతళలాడుతోంది. పదిహేను అరల్లో బండ్లున్నాయి. ఖాళీ అర ఒక్కటే. దాని కింద బల్ల మీద ఫ్రేము కట్టిన ఫోటో, మీసాలతో సహా, సిద్ధంగా పెట్టి ఉంది.

ఇన్‌చార్జి చేతిలో ఫైలున్న కుర్రవాడు, మర్యాదస్తుడు. కొలబద్దతో బండి పొడుగూ ఎత్తూ కొలిచి టిక్కు పెట్టుకున్నాడు. పక్కన స్టూలు మీద చేతికర్రతో ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. రంగు సంగతి ఆయన తేల్చాలట. అత్తగారు నా చెవిలో అన్నారు, "పెయింటరు."

ఆయన బండిని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"కొంచెం ముదురుగా ఉన్నట్టుంది కదండీ?" అన్నాడు ఇన్‌చార్జి.

అత్తగారి చెయ్యి నా చేతిని పట్టుకుంది.

"ఈ ట్యూబులైట్ల కింద నా మొహం కూడా ముదురుగానే ఉంటుంది" అన్నాడు పెయింటరు. "బయటికి పట్రండి."

వెనక ఆవరణలో పద్నాలుగో నంబరు బండి తలుపొకటి గోడకు ఆనించి ఉంది. ఎండకు వెలిసి బూడిద రంగుకు వచ్చింది. ఆయన దాన్ని పక్కకు ఒరిగించి, కీలు కింద ఎండ తగలని సందును చొక్కా చేతితో తుడిచాడు. రెండంగుళాల పచ్చ బయటపడింది. బండిని తెచ్చి దానికి ఆనించి పట్టుకున్నాడు.

ఆ పచ్చ ఎక్కడ ఆగిందో, ఈ పచ్చ ఎక్కడ మొదలైందో నాకు కనిపించలేదు.

"ఇది నాదే" అన్నాడు ఆయన. ఇన్‌చార్జి వైపు చూసి గట్టిగా మళ్ళీ అన్నాడు. "నా పచ్చే ఇది. రాసుకో." తరవాత అత్తగారి వైపు తిరిగాడు. "డ్రైవరమ్మా, ఆ సీసా ఈపాటికి రాయై ఉండాలే. ఎవరు కలిపారు?"

"నా కోడలు" అన్నారు అత్తగారు. కోటు గుండీలు తెగుతాయేమో అనిపించింది.

"ఊపావా అమ్మా?"

"లేదండీ. వేడినీళ్ళలో పెట్టి అడుగు నుంచి గీరాను. చెంచా కాడతో."

"చెంచా కాడతో!" ఆయన కర్ర నేలకు కొట్టి నవ్వాడు. "నలభై ఏళ్ళు వెనక గదిలో నేను చేసిందీ అదే. నాది రేకు ముక్క. ఒక్కడూ వచ్చి చూసిన పాపాన పోలేదు."

బండి అరలోకి వెళ్ళింది. ఇన్‌చార్జి ఫోటోను చంకలో పెట్టుకుని తీసేశాడు. అత్తగారు చూపుడువేలితో బండిని అరలో వేసిన చిన్న పట్టాల మీద సరిగ్గా మధ్యకు తోసి, ముడి ఉన్న చిన్న డ్రైవరు మొహం హాలు వైపు ఉండేలా తిప్పారు. తరవాత నా వైపు చూస్తూ నిలబడ్డారు. ఎందుకో నాకొక క్షణం ఆలస్యంగా వెలిగింది. వేళ్ళ కణుపులతో గాజు మీద రెండుసార్లు కొట్టాను. అప్పుడే ఆవిడ బీరువా తలుపు మూశారు.

బయలుదేరబోతుంటే పెయింటరు ఆపాడు. వెనక గదిలో మిగతా లైన్ల రంగులు ఇంకా పందొమ్మిది డబ్బాలున్నాయట, అన్నీ అడుగంటిపోయి. "వచ్చే వారం పారేద్దామంటున్నాడు ఈయన."

"గట్టిపడిపోయాయి కదండీ" అన్నాడు ఇన్‌చార్జి, ఇబ్బందిగా. తరవాత మావైపు చూసి, "యార్డులో ఉన్న అసలు బండ్లకు ఆ రంగులే కావాలి. మీరేమైనా..." అని ఆగాడు.

"ఇంట్లో చెప్పి చెప్తాం" అన్నారు అత్తగారు. ఇంట్లో అడిగి చెప్తామని అనలేదని నేను గమనించాను.

మధ్యాహ్నం నలుగురం భోజనానికి కూర్చున్నాం. మా ఆయన, అమ్మాయి కలిసి మొదటినుంచి చివరిదాకా రెండుసార్లు చెప్పించుకున్నారు. తలుపు సందు దగ్గరికొచ్చేసరికి అమ్మాయి అన్నం కలపడం మర్చిపోయింది. అత్తగారు మజ్జిగ పోసుకుని, గ్లాసు దించి, గొంతు సవరించుకున్నారు.

"అందరూ వినండి. సోమవారం నుంచి నేనూ నా కోడలూ డిపోకి వెళ్తున్నాం. పొద్దున తొమ్మిదింటికి వెళ్తే సాయంత్రం నాలుగింటికి వస్తాం. పందొమ్మిది డబ్బాలూ అడుగు రేకు తగిలేదాకా గీరందే వదలం. మధ్యాహ్నం వంట నీది రా."

"నాదా?"

"ఇరవై అంతస్తుల లిఫ్టు నడిపిస్తావు, కుక్కరు నడిపించలేవా?"

ఆయన నా వైపు చూశారు, నేనేమైనా కాదంటానేమోనని. నేను ఆయన కంచంలో ఇంకో గరిటె అన్నం వడ్డించాను.

"సరే" అన్నారు ఆయన, ఓడిపోయినవాళ్ళలా కాకుండా నవ్వుతూనే. "మరి టీ పొడి దేంతో కొలుచుకోవాలి?"

"చేత్తో వేసుకోండి" అన్నాను. "చెంచా మాతో వస్తుంది."